సికింద్రాబాద్ నుంచి శుక్రుడి మీదుగా

1965లో అన్నామలై యూనివర్సిటీ నుంచి ఇంజనీరింగ్ డిగ్రీతో బయటికొచ్చిన ఒక తమిళ కుర్రాడికి సికింద్రాబాద్‌లో, ఫ్రిజ్‌లు తయారుచేసే ఒక కంపెనీలో ఉద్యోగం దొరికింది. ఫ్రిజ్‌లలోంచి గ్యాస్ ఎందుకు కారిపోతోందో కనిపెట్టడం అతని పని. మన ఇళ్ళలో “గ్యాస్ అయిపోయింది, ఎక్కించాలి” అంటూంటామే, ఆ గ్యాసే. నిజానికి అది పెట్రోల్ లాగా ఖర్చయ్యేది కాదు. మూసేసిన గొట్టంలో తిరిగిన చోటే తిరుగుతూ ఉంటుంది. అయిపోయిందంటే ఎక్కడో కారిందని అర్థం. అప్పట్లో ఫ్రిజ్‌లలో వాడే గ్యాసుల్ని ఇప్పుడు మనం క్లోరోఫ్లోరోకార్బన్లు అంటున్నాం. వాసన లేదు, అంటుకోదు, విషం కాదు. కారితే కంపెనీకి నష్టం, కొన్నవాడికి చిరాకు. అంతకుమించి దాని గురించి ఎవరూ ఆలోచించలేదు.

ఆ కుర్రాడి పేరు వీరభద్రన్ రామనాథన్. పదేళ్ళ తర్వాత, 1975 అక్టోబర్‌లో, ఆ గ్యాస్ అణువు ఒక్కటి గాల్లో కలిస్తే సుమారు పదివేల కార్బన్ డయాక్సైడ్ అణువులు చేసేంత పని చేస్తుందని లెక్కగట్టి ‘సైన్స్’ పత్రికలో చూపించింది అతనే. పని అంటే, భూమిని వేడెక్కించడం. సికింద్రాబాద్ రోజుల్లో అతనికీ సంగతి తెలీదు. ప్రపంచంలో ఎవరికీ తెలీదు. మధ్యలో అతను బెంగళూరు వెళ్ళాడు, అమెరికా వెళ్ళాడు, కాగితం మీద శుక్రగ్రహానికీ అంగారకుడికీ వెళ్ళొచ్చాడు. నాకు ఆసక్తి కలిగించింది ఆ చివరి మజిలీ.

ఎందుకంటే ఆ మజిలీ అతనొక్కడిదే కాదు. భూమి వేడెక్కుతోందని ప్రపంచానికి గట్టిగా చెప్పినవాళ్ళలో కొందరి బయోడేటాలు తీసి మొదటి పేజీ చూడండి. ఇరవైల్లో ఉన్నప్పుడు వాళ్ళు చేసింది భూమి మీద పరిశోధన కాదు. 1988లో అమెరికన్ సెనేట్ ముందు సాక్ష్యం చెప్పిన జేమ్స్ హాన్సెన్ పీహెచ్‌డీ శుక్రుడి మీద. రామనాథన్‌ది శుక్రుడు, అంగారకుడి వాతావరణాల మీద. కార్ల్ సేగన్ సంగతి అందరికీ తెలుసు. ‘కాస్మాస్’ టీవీ సీరియల్ కంటే ఇరవై ఏళ్ళ ముందే ఆయన పేరు పైకొచ్చింది శుక్రుడి వేడి లెక్కతోనే. ఇది కేవలం కాకతాళీయమా, ఇందులో ఏమైనా కారణం ఉందా అన్నది నన్ను కొన్నాళ్ళుగా తొలుస్తున్న ప్రశ్న.

నాకెందుకు అంటారా. నేను చదివింది మెకానికల్, చేస్తున్నది సాఫ్ట్‌వేర్. మా బ్యాచ్‌లో మెషీన్ ముట్టుకుని బతుకుతున్నవాళ్ళని వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. మూడో ఏడాదిలో మాకు హీట్ ట్రాన్స్‌ఫర్ అని ఒక సబ్జెక్టు ఉండేది. కండక్షన్, కన్వెక్షన్ చదివి, చివర్లో ఉన్న రేడియేషన్ చాప్టర్‌ని అందరం ఛాయిస్‌లో వదిలేసేవాళ్ళం. ఈ కథంతా ఆ చాప్టర్‌లోదే.

*

మన పంచాంగంలో శుక్రుడి హోదా వేరు. మూఢం వస్తే పెళ్ళిళ్ళు ఆగుతాయి. దశ తిరిగినవాణ్ణి చూసి “వాడికి శుక్ర మహాదశ నడుస్తోంది” అంటాం. తెల్లవారుజామున తూర్పున కనిపిస్తే వేగుచుక్క అంటాం. టెలిస్కోపులు పెట్టుకుని చూసిన పాశ్చాత్యులకి కూడా 1950ల దాకా ఆ గ్రహం గురించి తెలిసింది తక్కువే. ఎటు చూసినా మబ్బు. మబ్బు ఉందంటే నీళ్ళుంటాయి, నీళ్ళుంటే అడవులుంటాయి అని ఊహలు సాగేవి. బొగ్గు కాలిస్తే గాల్లో కార్బన్ డయాక్సైడ్ పెరిగి భూమి వేడెక్కుతుందని 1896లోనే లెక్కగట్టిన స్వీడన్ రసాయన శాస్త్రవేత్త స్వాంటె అర్హీనియస్ కూడా శుక్రుణ్ణి చిత్తడి నేలల గ్రహంగానే ఊహించుకున్నాడు. తన లెక్కే అక్కడ అప్పటికే జరిగిపోయి ఉందని ఆయనకి తట్టలేదు. తట్టే వీలు కూడా లేదు లెండి, అక్కడి గాలిలో కార్బన్ డయాక్సైడ్ ఉందని మౌంట్ విల్సన్ అబ్జర్వేటరీ నుంచి కనిపెట్టింది 1932లో. 1940లో రూపర్ట్ విల్ట్ అనే జర్మన్ ఖగోళ శాస్త్రవేత్త, ఆ వాయువు వల్ల శుక్రుడి నేల బాగా వేడిగా ఉండొచ్చని రాశాడు. పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. 1955 ప్రాంతంలో కూడా ఇద్దరు పేరున్న అమెరికన్ శాస్త్రవేత్తలు అక్కడ సముద్రం ఉండొచ్చన్నారు. కార్బన్ డయాక్సైడ్ కరిగిన నీళ్ళు, అంటే గోలీసోడా సముద్రం.

సోడా కథని చెడగొట్టింది రేడియో టెలిస్కోపు. 1956లో వాషింగ్టన్‌లోని నేవల్ రీసెర్చ్ లాబరేటరీలో కార్నెల్ మేయర్, ఆయన సహచరులు 3 సెంటీమీటర్ల తరంగాల్లో శుక్రుణ్ణి చూశారు. మబ్బుల్ని దాటి రాగల తరంగాలవి. వచ్చిన సిగ్నల్ బట్టి చూస్తే ఉష్ణోగ్రత 600 కెల్విన్ దగ్గర తేలింది. అంటే 300 డిగ్రీల సెల్సియస్ పైమాటే. ఈ అంకెని నమ్మడం కష్టం. నేల వేడిగా లేదు, పై వాతావరణంలోని విద్యుదావేశాల వల్ల వస్తున్న సిగ్నల్ అది అని కొందరు వాదించారు. అది అప్పటికి తీసిపారేయలేని వాదనే.

అసలు చిక్కు ఎక్కడంటే, శుక్రుడు సూర్యుడికి దగ్గరే కానీ ఆ తెల్లటి మబ్బులు పడ్డ ఎండలో మూడొంతుల్ని వెనక్కి తిప్పికొట్టేస్తాయి. మిగిలింది లెక్కేస్తే, మొత్తం మీద శుక్రుడు లోపలికి తీసుకునే ఎండ భూమి తీసుకునేదాని కంటే తక్కువ. ఎండ తక్కువ తాగి ఒళ్ళంతా కాలిపోతున్న గ్రహం అది.

1960లో షికాగో యూనివర్సిటీలో పీహెచ్‌డీ పూర్తి చేస్తున్న సేగన్ దీన్ని పట్టుకున్నాడు. వయసు 25. థీసిస్‌లో ఒక భాగం శుక్రుడి వేడి గురించి. వాతావరణం ఎండని లోపలికి రానిచ్చి, నేల నుంచి తిరిగి వెళ్ళే పరారుణ కిరణాల్ని ఆపేస్తే నేల ఎంత వేడెక్కుతుంది? దీనికి, బాగా కాగిన కార్బన్ డయాక్సైడ్, నీటి ఆవిరి ఈ కిరణాల్ని ఎంత మింగుతాయో అంకెలు కావాలి. ఖగోళ శాస్త్రంలో ఆ అంకెలు ఎక్కడివి? సేగన్ వాటిని ఆవిరి బాయిలర్ల ఇంజనీర్ల కోసం తయారుచేసిన పట్టికల్లోంచి తీసుకున్నాడు. బొగ్గు మండితే వచ్చేవి ముఖ్యంగా ఆ రెండు వాయువులే కదా. అవి ఎంత వేడి మింగి ఎంత వెదజల్లుతాయో తెలియకుండా కొలిమి కట్టలేరు. అలా రైలింజన్ల కాలం నుంచీ పోగుపడిన పరిజ్ఞానం శుక్రుడికి పనికొచ్చింది. తన అప్పటి లెక్క ఎంత ముతకదో తలుచుకుంటే సిగ్గేస్తుందని ఆయనే తర్వాత ఒప్పుకున్నాడు. కానీ జవాబు దిశ సరైనదే.

జవాబు దిశ సరైనదే కానీ అన్నీ సరైనవి కావు. 1961లో ‘సైన్స్’లో ఆయన రాసిన వ్యాసం చివర్లో, శుక్రుడి మబ్బుల్లో నాచు చల్లితే అది కార్బన్ డయాక్సైడ్‌ని తినేసి గ్రహాన్ని చల్లబరుస్తుందని, ఎప్పటికైనా మనుషులు అక్కడ ఉండొచ్చని ఒక ప్రతిపాదన ఉంది. అక్కడి గాలి ఎంత దట్టమో అప్పటికి తెలీదు కాబట్టి అలా రాయగలిగాడు. 1962 డిసెంబర్ 14న మారినర్ 2 నౌక శుక్రుడి పక్కనుంచి వెళ్తూ, గ్రహం మధ్యభాగం కంటే అంచులు కాస్త చల్లగా కనిపిస్తున్నాయని చూపించింది. అంచుల వైపు చూస్తే చూపు ఎక్కువ గాలిలోంచి ఏటవాలుగా వెళ్తుంది, లోపలి వేడి తక్కువ కనిపిస్తుంది. కాబట్టి వేడి పైనెక్కడో లేదు, కిందే ఉంది. 1970 డిసెంబర్ 15న సోవియట్ నౌక వెనెరా 7 నేల మీద దిగి 475 డిగ్రీలని పంపింది. గాలి ఒత్తిడి మన దగ్గరికంటే సుమారు 90 రెట్లు. గాలిలో నూటికి 96 వంతులు కార్బన్ డయాక్సైడ్ అని తర్వాత తేలింది. నాచు సంగతి అక్కడితో సరి.

*

హాన్సెన్ కథ నాకు ఇంకా ఇష్టం, ఎందుకంటే అతని థీసిస్ తప్పు. అయోవా యూనివర్సిటీలో, భూమి చుట్టూ ఉండే రేడియేషన్ వలయాల్ని కనిపెట్టిన జేమ్స్ వాన్ అలెన్ డిపార్ట్‌మెంట్‌లో చదువుకున్నాడు. 1963 డిసెంబర్‌లో చంద్రగ్రహణం పట్టింది. మామూలుగా గ్రహణంలో కూడా చంద్రుడు ఎర్రగా మసకమసగ్గా కనిపిస్తాడు. ఆ రాత్రి దాదాపు మాయమైపోయాడు. ఆ ఏడాది మార్చిలో బాలీ ద్వీపంలో ఆగుంగ్ అగ్నిపర్వతం పేలి, దాని ధూళి పై గాల్లో ఇంకా తేలుతూ ఉండటమే కారణం. ఆ చీకటిని కొలిచి లెక్కలు కట్టడంతో హాన్సెన్‌కి గాల్లో తేలే నలుసుల మీద ఆసక్తి పుట్టింది. దాన్నే తీసుకెళ్ళి శుక్రుడికి అంటించాడు. శుక్రుడి గాల్లో ధూళి దట్టంగా ఉందని, అది గ్రహం లోపలి నుంచి వచ్చే వేడిని రగ్గులా కప్పి ఉంచుతోందని 1967లో రాశాడు. వేడికి కారణం ధూళి కాదు, కార్బన్ డయాక్సైడ్ అని త్వరలోనే స్పష్టమైంది.

థీసిస్ తప్పయినవాడి గతేమిటి? ఏమీ కాలేదు. ఎవరికీ నష్టం లేదు కూడా. శుక్రుడి మీద ఎవరి పొలాలూ లేవు, ఎవరి ఎన్నికలూ లేవు. అంతలో అతను న్యూయార్క్‌లో నాసా వాళ్ళ గొడ్డార్డ్ సంస్థలో చేరాడు. ‘సైన్‌ఫెల్డ్’ సీరియల్ చూసినవాళ్ళకి తెలిసిన ఆ మూలమీది రెస్టారెంటు పైనే అప్పట్లో వాళ్ళ ఆఫీసు ఉండేది. ఈసారి ధూళి ఉందని ముందే అనుకోకుండా, మబ్బుల నుంచి వచ్చే వెలుగు ఎలా ధ్రువీకరణ చెందుతోందో చూసి, ఆ నలుసులు ఏ సైజువో, వెలుగుని ఎంత వంచుతున్నాయో లెక్కగట్టాడు. 1974లో, నెదర్లాండ్స్‌కి చెందిన హోవనియర్‌తో కలిసి, శుక్రుడి మబ్బులు సుమారు ఒక మైక్రాన్ సైజు చుక్కలని, అవి గాఢమైన సల్ఫ్యూరిక్ ఆమ్లానికి సరిపోతాయని చూపించాడు. ఆమ్లం అన్న ఊహ అప్పటికే మరో ఇద్దరు చెప్పారు, దాన్ని గట్టిగా నిలబెట్టింది ఈ లెక్క. తన ధూళి సిద్ధాంతాన్ని తనే ఖాళీ చేసి వెళ్ళినట్టు.

శుక్రుడి దగ్గరికి వెళ్ళబోయే పయొనీర్ వీనస్ నౌకలో ఒక పరికరానికి హాన్సెనే బాధ్యుడు. 1978లో నౌక బయల్దేరింది, అతను మాత్రం ఆ బాధ్యత నుంచి తప్పుకున్నాడు. ఏళ్ళతరబడి ఎదురుచూసిన డేటా వచ్చే సమయానికి! కళ్ళముందే మారుతున్న గ్రహం ఒకటి ఉండగా ఇంకో దానెందుకు అన్నది అతని ఉద్దేశం. ప్రాజెక్టు లైవ్‌కి వెళ్ళే వారం ముందు టీమ్ మారిన వాణ్ణి మేం ఎలా చూస్తామో తలుచుకుంటే, ఆ నిర్ణయానికి ఎంత తెగువ కావాలో అర్థమవుతుంది.

అదే ఆఫీసులో అంతకుముందు నుంచీ ఉన్న ఇంకో మనిషి గురించి మనవాళ్ళు ఎక్కువ మాట్లాడుకోరు. ఇష్తియాక్ రసూల్. పారిస్‌లో డాక్టరేట్ చేసి, 1960ల మొదట్లో అక్కడ చేరాడు. 1970లో కాథరీన్ డి బెర్గ్‌తో కలిసి ‘నేచర్’లో ఒక చిన్న వ్యాసం రాశాడు. పుట్టినప్పుడు భూమి సూర్యుడికి మరో 60 లక్షల నుంచి కోటి కిలోమీటర్లు దగ్గరగా ఉండి ఉంటే ఏమయ్యేది? నీళ్ళు సముద్రంగా మారేంత చల్లదనం దొరికేది కాదు. ఆవిరి గాల్లోనే ఉండిపోయి వేడి పెంచేది, కార్బన్ డయాక్సైడ్ రాళ్ళలోకి చేరే దారి మూసుకుపోయేది, భూమి కూడా శుక్రుడైపోయేది. మనకీ సూర్యుడికీ దూరం 15 కోట్ల కిలోమీటర్లు. అందులో కోటి ఎంత? మరీ అంత అంచున ఉన్నామా అన్నది తర్వాత మోడళ్ళు చాలాసార్లు మార్చి చెప్పాయి. కానీ రెండు గ్రహాలు ఒకే ముడిసరుకుతో మొదలై, నీళ్ళ దగ్గర దారులు చీలాయన్న కథనం నిలబడింది. దీని సిద్ధాంత భాగాన్ని 1969లో కాల్టెక్‌లో ఆండ్రూ ఇంగర్‌సోల్ రాశాడు, ఆయనకీ అప్పటికి ముప్ఫై నిండలేదు.

మరుసటి ఏడాది రసూల్ అదే పద్ధతుల్ని భూమి మీదికి తెచ్చాడు. తోడు స్టీఫెన్ ష్నైడర్, అప్పుడే మెకానికల్ ఇంజనీరింగ్, ప్లాస్మా భౌతికశాస్త్రంలో డాక్టరేట్ అందుకున్న కుర్రాడు. గాల్లో నలుసులు ఎండని ఎలా చెదరగొడతాయో లెక్కించడానికి వాళ్ళు వాడుకున్న ప్రోగ్రామ్ హాన్సెన్ శుక్రుడి మబ్బుల కోసం రాసిందే. అంటే కోడ్ రీయూజ్. పొగ, ధూళి నాలుగు రెట్లు పెరిగితే భూమి మూడున్నర డిగ్రీల దాకా చల్లబడొచ్చని, మంచుయుగం రావొచ్చని 1971లో ప్రకటించారు. పేపర్లు పండగ చేసుకున్నాయి. కార్బన్ డయాక్సైడ్ ప్రభావాన్ని బాగా తక్కువ అంచనా వేశామని, ధూళి అన్నిచోట్లా సమానంగా ఉండదని గ్రహించి, కొన్నేళ్ళలో ష్నైడర్ తన తప్పు తానే దిద్దుకున్నాడు. అయినా వాతావరణ మార్పు బూటకమనేవాళ్ళు ఈ రోజుకీ ఆ పాత వ్యాసం చూపించి “అప్పుడు చల్లబడుతుందన్నారు, ఇప్పుడు వేడెక్కుతుందంటున్నారు” అంటారు. హాన్సెన్ తప్పుకీ దీనికీ తేడా అదే. శుక్రుడి మీద తప్పు చేస్తే మర్చిపోతారు. భూమి మీద చేస్తే యాభై ఏళ్ళు వెంటాడుతుంది.

*

ఇప్పుడు రామనాథన్ దగ్గరికి. అతని చిన్నప్పటి చదువు తమిళ మీడియంలో. పదకొండేళ్ళప్పుడు కుటుంబం బెంగళూరు మారింది, ఇంగ్లిష్ మీడియంలో పడ్డాడు. క్లాసులో పైన ఉండేవాడు కింద పడిపోయాడు. టీచర్లు చెప్పేది అర్థంకాక, ఏదైనా సొంతంగా తేల్చుకోవడం అలవాటైందని ఆయన తర్వాత చెప్పుకున్నాడు. తెలుగు మీడియంలో పది చదివి ఇంటర్లో ఇంగ్లిష్ మీడియంలో పడ్డవాళ్ళకి ఇది వివరించక్కర్లేదు.

సికింద్రాబాద్ ఉద్యోగం అతనికి నచ్చలేదు. రెండేళ్ళకి వదిలేసి బెంగళూరులో ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో చేరి ఒక ఇంటర్‌ఫెరోమీటర్ కట్టాడు. వెలుగు తరంగాల్ని కలిపి, వేడిలో చిన్న చిన్న తేడాల్ని కొలిచే పరికరం. దాన్ని పట్టుకుని 1970లో అమెరికాలో స్టోనీ బ్రూక్‌కి, రాబర్ట్ సెస్ దగ్గరికి వెళ్ళాడు. సెస్ మెకానికల్ ఇంజనీరింగ్ ప్రొఫెసర్, రేడియేషన్ హీట్ ట్రాన్స్‌ఫర్ మీద పేరున్న పాఠ్యపుస్తకం రాసిన ఇద్దరిలో ఒకరు. నేను ఛాయిస్‌లో వదిలేసిన చాప్టర్ అన్నమాట. ఇంజనీరింగ్‌లో డాక్టరేట్, తర్వాత కంపెనీలో మంచి ఉద్యోగం, పెద్ద అమెరికన్ కారు. ప్లాన్ అది. తీరా వెళ్ళేసరికి సెస్ మనసు కొలిమిల మీద లేదు. గ్రహాల వాతావరణాల మీదికి మళ్ళింది. ఇక శుక్రుడు, అంగారకుడి మీద పనిచేద్దామన్నాడు.

ఈ క్షణం దగ్గర నేను ఎప్పుడూ ఆగిపోతాను. స్కాలర్‌షిప్ మీద వెళ్ళిన విద్యార్థి. తెచ్చుకున్న నైపుణ్యం అక్కర్లేదంటున్నారు. శుక్రుడి గాలి మీద డాక్టరేట్ చేస్తే ఏ కంపెనీ ఉద్యోగమిస్తుంది? ఇంటికి ఫోన్ చేసి చెప్పే రోజులు కూడా కావవి. మనవాళ్ళలో ఎంతమంది అక్కడే గైడ్‌ని మార్చుకుని ఉండేవారో. అతను ఉండిపోయాడు. 1972లో ఇద్దరి పేర్ల మీదా శుక్రుడు, అంగారకుల వాతావరణాల్లో కిరణాల రాకపోకల మీద పేపర్ వచ్చింది. 1974లో డాక్టరేట్ వచ్చింది. ఆ తర్వాత వర్జీనియాలో నాసా లాంగ్లీ కేంద్రంలో చేరాడు.

సరిగ్గా ఆ ఏడాది జూన్‌లో మారియో మొలీనా, షెర్వుడ్ రోలాండ్‌ల వ్యాసం వచ్చింది. ఫ్రిజ్‌లు, స్ప్రే డబ్బాల నుంచి వెలువడే క్లోరోఫ్లోరోకార్బన్లు కింద ఎక్కడా కరగవు, విరగవు, మెల్లగా పైకి చేరి ఓజోన్ పొరని తినేస్తాయి అని. అందరూ ఓజోన్ వైపు చూశారు. రామనాథన్‌కి ఆ గ్యాస్ పేరు కొత్త కాదు, రెండేళ్ళు దాని వెంట పరిగెత్తినవాడు. అతను వేసిన ప్రశ్న వేరు: సరే, అన్నేళ్ళు గాల్లో ఉంటుందంటున్నారు కదా, అది పరారుణ కిరణాల్ని ఏం చేస్తుంది?

దీనికి జవాబు అర్థం కావాలంటే, రాత్రి తలుపులన్నీ వేసి ఒక్క కిటికీ తెరిచి ఉంచిన గదిని ఊహించుకోండి. భూమి నుంచి వెళ్ళే వేడిలో చాలా భాగాన్ని నీటి ఆవిరి, కార్బన్ డయాక్సైడ్ ఎప్పుడో ఆపేస్తున్నాయి. 15 మైక్రాన్ల దగ్గర కార్బన్ డయాక్సైడ్ తలుపు దాదాపు మూసే ఉంది. ఇంకొంచెం కలిపితే మూసిన తలుపుకి ఇంకో గడియ పెట్టినట్టు, ప్రభావం ఉంటుంది కానీ నెమ్మదిగా. 8 నుంచి 12 మైక్రాన్ల మధ్య మాత్రం ఖాళీ. భూమి వేడి అక్కడినుంచే తేలిగ్గా అంతరిక్షంలోకి జారుకుంటుంది. శాస్త్రవేత్తలు దాన్ని వాతావరణ కిటికీ అనే అంటారు. క్లోరోఫ్లోరోకార్బన్ల అణువులు కిరణాల్ని మింగేది సరిగ్గా ఆ కిటికీలోనే. వచ్చిన ప్రతి అణువూ తెరిచి ఉన్న చోట అడ్డం నిలబడుతుంది. పదివేల రెట్లు అన్న అంకె అక్కణ్ణుంచి వచ్చింది. రెండు ముఖ్యమైన గ్యాసులూ గాల్లో చెరో వందకోట్లకి రెండు వంతులకి చేరితే భూమి సుమారు 0.9 డిగ్రీ వేడెక్కుతుందని తేల్చాడు. వందకోట్లలో రెండు! ఇంత చిన్న మోతాదు గ్రహాన్ని కదిలిస్తుందని అప్పటిదాకా లెక్కగట్టి చెప్పినవాళ్ళు లేరు. వేడెక్కడం అంటే కార్బన్ డయాక్సైడ్ ఒక్కటే అన్న లెక్క ఆ రోజుతో మారింది. తర్వాతి ఏడాది హాన్సెన్ బృందం మీథేన్, నైట్రస్ ఆక్సైడ్ లాంటివాటిని లెక్కలోకి తెచ్చింది. 1985 నాటికి రామనాథనూ ఇంకొందరూ కలిసి, ఈ చిల్లర వాయువులన్నీ కలిపి చేసే పని కార్బన్ డయాక్సైడ్ చేసేదానికి ఇంచుమించు సమానమని చూపించారు.

మొదట్లో వేసుకున్న ప్రశ్నకి నా జవాబు ఇదీ. భూమి వాతావరణం మీద ప్రోగ్రామ్ రాసేవాడు చాలా విలువల్ని హార్డ్‌కోడ్ చేసేయొచ్చు. ఇక్కడ ఏ వాయువులున్నాయో తెలుసు, బెలూన్లు కట్టి కొలిచిన ఉష్ణోగ్రతలున్నాయి, తేడా వస్తే సర్దుకోవచ్చు. శుక్రుడి కోసం రాసేవాడికి ఆ సౌకర్యం లేదు. ఇదిగో ఒక గ్రహం, ఇంత ఎండ, ఈ వాయువులు, ఏమవుతుందో చెప్పు - అంతే. వాయువు ఏదైనా ఇన్‌పుట్‌గా తీసుకునేలా మొదటినుంచీ రాయాలి. అలా రాయడం అలవాటైనవాడికి, ఫ్రిజ్ గ్యాస్‌ని ఇన్‌పుట్‌గా ఇచ్చి చూద్దామన్న ఆలోచన తేలిగ్గా వస్తుంది. ఇది నా ఊహే, పైగా దీనికి గట్టి ఎదురు ఉదాహరణ కూడా ఉంది. 1967లోనే కార్బన్ డయాక్సైడ్ రెట్టింపైతే ఏమవుతుందో పద్ధతిగా లెక్కగట్టిన స్యుకురో మనాబే శుక్రుడి జోలికి పోకుండానే అంత పని చేశాడు, నోబెల్ కూడా అందుకున్నాడు. కాబట్టి శుక్రుడు తప్పనిసరి కోర్సేమీ కాదు. మంచి ఎలెక్టివ్.

శుక్రుణ్ణి ఇంకో రకంగా వాడటం మాత్రం నాకు నచ్చదు. “ఇలాగే పోతే భూమి శుక్రుడవుతుంది” అని భయపెట్టడం. హాన్సెన్ కూడా 2009లో రాసిన పుస్తకంలో, ఉన్న బొగ్గూ చమురూ మొత్తం కాల్చేస్తే అది తప్పదన్నట్టు రాశాడు. ఆ మాటని ఎక్కువమంది శాస్త్రవేత్తలు ఒప్పుకోరు. మనుషులు కాల్చగలిగినంత కాల్చినా సముద్రాలు మరిగిపోవు. ఆ అవసరం కూడా లేదు. మూడు డిగ్రీలు పెరిగితే చాలు, మే నెలలో రామగుండంలో ఒళ్ళొంచి పనిచేసే మనిషి గతేమవుతుందో ఆలోచించడానికి 475 డిగ్రీల దాకా వెళ్ళక్కర్లేదు.

1987లో మాంట్రియల్ ఒప్పందం కుదిరింది. ఓజోన్ కోసం కుదిరినా, క్లోరోఫ్లోరోకార్బన్లని ఆపడం వల్ల వేడెక్కడం ఎంత తగ్గిందో 2007లో కొందరు శాస్త్రవేత్తలు లెక్కవేస్తే, అచ్చంగా వాతావరణం కోసమే చేసుకున్న క్యోటో ఒప్పందం మొదటి విడత లక్ష్యం కంటే అది కొన్ని రెట్లు ఎక్కువ తేలింది. 1975 లెక్కలోని వందకోట్లకి రెండు అన్న స్థాయికి ఆ గ్యాసులు చేరనేలేదు. వాటి స్థానంలో వచ్చినవి ఓజోన్ జోలికి పోవు కానీ కిటికీకి అడ్డం పడటం మానలేదు. వాటిని కూడా తగ్గించుకుందామని 2016లో కిగాలీలో ఇంకో ఒప్పందం చేసుకోవాల్సి వచ్చింది. 2018లో తైవాన్ వాళ్ళ టాంగ్ బహుమతిని హాన్సెన్, రామనాథన్ ఇద్దరికీ కలిపి ఇచ్చారు. శుక్రుడి దగ్గర మొదలైన ఇద్దరు పెద్దవాళ్ళు.

మొన్న వేసవిలో మా ఏసీ చల్లబరచడం మానేస్తే మెకానిక్ వచ్చి, రాగి గొట్టం జాయింట్ల మీద సబ్బు నురగ పూసి, బుడగ ఎక్కడొస్తుందా అని చూస్తూ కూర్చున్నాడు. “ఇక్కడ కారుతోంది సార్, గ్యాస్ మొత్తం పోయింది” అన్నాడు. ఎక్కడికి పోయింది అని అడగబోయి ఊరుకున్నాను. ఆ ప్రశ్నకి జవాబు ఈ ఊళ్ళోనే ఒకప్పుడు వెతికారు. ఈసీఐఎల్ దగ్గర టాటా ఇన్‌స్టిట్యూట్ వాళ్ళ బెలూన్ కేంద్రం ఉంది. 1987లో, మళ్ళీ 1990లో అక్కడినుంచి ఎగరేసిన పెద్ద బెలూన్లకి, పై గాలిని గడ్డకట్టించి పట్టుకునే పాత్రలు కట్టి పంపారు. కిందికి తెచ్చి అహ్మదాబాద్, జర్మనీ శాస్త్రవేత్తలు కొలిచిన వాటిలో క్లోరోఫ్లోరోకార్బన్లు ఉన్నాయి. అప్పటి ఫ్రిజ్‌లలో ఎక్కువగా వాడిన ఆర్-12 ఒకసారి గాల్లోకి వెళ్తే సగటున వందేళ్ళు ఉంటుంది. ఆ లెక్కన 1966లో కారిపోయిన దాంట్లో సగానికి పైగా ఇంకా పైనే ఉంది.